ఎమ్మారెస్‌లో ఆర్ ఎక్కడికి పోయింది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం 'మిసెస్' అనే ఒకే మాట చుట్టూ తిరిగాయి. పోయిన నెల 'డియర్ సర్ ఆర్ మేడమ్' గురించి నాలుగు ముక్కలు రాసిన పుణ్యం అది. కొత్తగా ఈ పేజీ చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను: నేను తెనాలిలో 31 ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. రెండు రెమింగ్టన్ మిషన్లు, ఒక హల్డా మిషనుతో మొదలుపెట్టాను. కంప్యూటర్లు వచ్చి లోయర్, హయ్యర్ టైపు పరీక్షలకు కట్టేవాళ్ళు తగ్గిపోయాక మూసేశాను. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో నన్ను 'టైపు మిస్సమ్మ' అంటారు. అంచేత ఈ విషయంలో నాకు కాస్త స్వార్థం ఉంది, ముందే ఒప్పేసుకుంటున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మాయి ఇంగ్లండులో ఎమ్మెస్సీకి దరఖాస్తు పెడుతోంది. ఫారంలో మొదటి గడిలోనే 'టైటిల్' అని అడిగి మిస్టర్, మిసెస్, మిస్, మిజ్ అని వరసగా ఇచ్చారు. ఎం, ఆర్, ఎస్ అని రాసి మిసెస్ అని చదవడమేమిటండీ? మధ్యలో ఆర్ ఎక్కడికి పోయింది? అసలు దాని అర్థం మన 'శ్రీమతి'యేనా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆర్ ఎక్కడికీ పోలేదు. రాతలో కూర్చుండిపోయింది, నోరే దాన్ని వదిలేసింది. ఎం.ఆర్.ఎస్. అనేది 'మిస్ట్రెస్' అనే మాటకు పొట్టి రాత. మొదట్లో పేరు ముందు మిస్ట్రెస్ అని పూర్తిగానే పలికేవారు. రోజుకు నూరుసార్లు నోట్లో పడే మాట కదా, అరిగిపోయి మిసిస్ అయింది. 1791లో జాన్ వాకర్ అనే ఆయన ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువు ఒకటి వేశాడు. ఒకప్పుడు నాటకాల్లో వేషాలు వేసిన మనిషి, ఎవరు ఏ మాట ఎలా పలుకుతున్నారో చెవి పెట్టి విన్నవాడు. మాస్టర్‌ని మిస్టర్‌గా మార్చిన తొందరే మిస్ట్రెస్‌ని మిసిస్ చేసిందనీ, పేరు ముందు ఎవరైనా దాన్ని ఇంకా పూర్తిగా పలికితే ఛాందసంగా ఉంటుందనీ అందులో రాశాడు. అప్పటికే పని పూర్తయిపోయిందన్నమాట.

ఇక అర్థం. మిస్ట్రెస్ అంటే మాస్టర్‌కి ఆడ రూపం. పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. దాని వెనక ఉన్నది లాటిన్ 'మగిస్తెర్'. అందులోని 'మగిస్' అంటే ఎక్కువ. పైనున్నవాడు, పని తెలిసినవాడు, చేయించేవాడు అని. (దీనికి ఎదురుమాట 'మినిస్తెర్'. అందులోని 'మినుస్' అంటే తక్కువ, కాబట్టి మినిస్టర్ అంటే మొదట్లో సేవకుడు. ఆ సంగతి మా టైపు క్లాసులో చెబితే పిల్లలు నమ్మేవారు కాదు.)

ఇప్పుడు మీకు బాగా తెలిసిన మనిషిని ఒకాయన్ని చూపిస్తాను. మా వీధి చివర ఇల్లు కడుతున్నారు. అక్కడ చెవి మీద పెన్సిలు పెట్టుకుని, దారానికి గుండు కట్టి గోడ నిటారుగా ఉందో లేదో చూసే ఆయన ఉన్నాడు. ఇటుక మోసేవాళ్ళు, మాలు కలిపేవాళ్ళు అందరూ ఆయన మాట మీదే కదులుతారు. ఆయన్నేమంటాం? మేస్త్రి. ఆ మాట మన రేవుల్లోకి దిగిన పోర్చుగీసువాళ్ళది. వాళ్ళు 'మెస్త్రె' అనేవారు. అదీ 'మగిస్తెర్' బిడ్డే. లాటిన్ అవ్వకు పుట్టిన సంతానంలో ఒకడు పడవెక్కి వచ్చి మేస్త్రి అయ్యాడు, ఇంకొకడు ఇంగ్లీషువాళ్ళతో వచ్చి మాస్టారయ్యాడు, ఒక ఆడబిడ్డ మిసెస్ అయింది. అందరూ ఒక ఇంటివాళ్ళే.

అందుకని మిసెస్ అంటే మొట్టమొదటి అర్థం 'ఫలానావారి భార్య' కాదు, మేస్త్రమ్మ. పది మందికి పని చెప్పగలిగిన ఆడమనిషి. పెళ్ళి సంగతి ఆ మాటలో లేదు.

ఇది నేను కడుపుమంటతో కల్పించింది కాదు. కేంబ్రిడ్జిలో ఎమీ ఎరిక్సన్ అనే చరిత్రకారిణి పాత రికార్డులన్నీ తిరగేసి 2014లో దీని మీద పెద్ద వ్యాసం రాశారు. 18వ శతాబ్దంలో లండన్ వృత్తి సంఘాల్లో సభ్యత్వం తీసుకుని సొంతంగా వ్యాపారం చేసిన పెళ్ళికాని స్త్రీలు ఉండేవారు. రికార్డుల్లో వాళ్ళందరూ మిసెస్సే, మగవాళ్ళు మిస్టర్లు అయినట్టే. పెద్ద పెద్ద బంగళాల్లో ఇంటి పెత్తనం చేసే హౌస్‌కీపరు, వంటింటిని ఏలే వంటమనిషి పెళ్ళి చేసుకోకపోయినా మిసెస్ అనే పిలిపించుకునేవారు. కింద గిన్నెలు తోమే పిల్ల మాత్రం, పెళ్ళయినా సరే, ఉత్త పేరే.

నాకు వీళ్ళందరిలో ఇష్టమైన మనిషి మిసెస్ ఎలిజబెత్ కార్టర్. 1717లో పుట్టింది. కెంట్ సముద్రపు ఒడ్డున డీల్ అనే ఊరు. తండ్రి చర్చి పాదిరి, కూతురికి లాటిన్, గ్రీకు, హీబ్రూ తానే నేర్పాడు. మొదట్లో పాఠం బుర్రకెక్కక తండ్రే వద్దులే అన్నాడట. ఆవిడ వదల్లేదు. రాత్రిళ్ళు నిద్ర ఆపుకోవడానికి ముక్కుపొడుం పీల్చేది, గ్రీన్ టీ తాగేది, తలకు తడిగుడ్డ చుట్టుకునేది. ముక్కుపొడుం అలవాటు ఇక జన్మంతా పోలేదు. తర్వాత సొంతంగా అరబిక్, పోర్చుగీసు కూడా పట్టింది. 1758లో ఎపిక్టెటస్ అనే గ్రీకు తత్వవేత్త మాటలన్నిటినీ ఇంగ్లీషులోకి తెచ్చింది. ముందే చందాలు కట్టించుకుని వేసిన పుస్తకం అది. దాదాపు వెయ్యి పౌండ్లు వచ్చాయి, ఆ రోజుల్లో పెద్ద సొమ్ము. దాంతో డీల్‌లో ఇల్లు అమర్చుకుని తండ్రిని తన దగ్గర పెట్టుకుంది. నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్‌కి స్నేహితురాలు. మిసెస్ కార్టర్ గ్రీకులోంచి ఎపిక్టెటస్‌ని ఎంత బాగా అనువదించగలదో పుడ్డింగు కూడా అంత బాగా చేయగలదని ఆయన మెచ్చుకున్నాడు. మెప్పులో కూడా వంటింటిని దూర్చకుండా ఉండలేరు, ఏ దేశమైనా.

ఆవిడ 1806లో పోయింది. 88 ఏళ్ళ బతుకులో పెళ్ళి లేదు. కానీ అందరికీ మిసెస్ కార్టరే. ఇందాక చెప్పిన వాకర్ తన నిఘంటువులో ఉదాహరణకు ఇద్దరి పేర్లు ఇచ్చాడు: మిసెస్ మాంటగు, మిసెస్ కార్టర్. మొదటామెకు పెళ్ళయింది, రెండో ఆమెకు కాలేదు. వాకర్‌కి ఆ తేడా చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

మరి ఎప్పుడు తిరగబడింది అంటారా? 18వ శతాబ్దం నడుమ నుంచి కలిగిన ఇళ్ళలో పెద్దయిన ఆడపిల్లల్ని మిస్ అనడం ఫ్యాషనయింది. అంతకుముందు అది చిన్నపిల్లల మాట. పెళ్ళికానివాళ్ళకంటూ ఒక మాట కుదిరాక, మిగిలిన మాట పెళ్ళయినవాళ్ళ మెడలో పడింది. 19వ శతాబ్దానికి ఖాయమైపోయింది. పైగా ఇంకో వింత వచ్చి చేరింది, మొగుడి పేరు మొత్తం పెళ్ళానికి తొడగడం. జేన్ ఆస్టెన్ 1811లో వేసిన నవలలో మిసెస్ జాన్ డాష్‌వుడ్ అని ఒకావిడ ఉంటుంది. జాన్ ఆవిడ భర్త. ఇది మనకు కొత్తేం కాదు. బీరువాలో ఏ పెళ్ళి శుభలేఖ ఉన్నా తీసి చూడండి, 'శ్రీమతి & శ్రీ వెంకటేశ్వరరావు గార్ల ఏకైక పుత్రిక' అని ఉంటుంది. శ్రీమతి ముందే ఉంది, మర్యాదకేం లోటు లేదు. ఆవిడ పేరే లేదు.

కాబట్టి ఖమ్మం అమ్మగారూ, ఈ రోజు లెక్కలో మిసెస్ అంటే శ్రీమతే. 1750 లెక్కలో అయితే నేనూ మిసెస్‌నే, నా దగ్గర మూడు మిషన్లూ నలభైమంది పిల్లలూ ఉండేవారు.

ప్రశ్న: హెడ్‌మిస్ట్రెస్ అంటే లేచి నిలబడతాం. ఉత్త మిస్ట్రెస్ అంటే ఉంచుకున్న మనిషి అంటున్నారు. ఒకే మాటకు ఇంత దూరం ఏమిటండీ?
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: మాస్టారూ, 1755లో జాన్సన్ నిఘంటువులో ఈ మాటకు ఆరు అర్థాలిచ్చారు. మొదటిది, ఏలే స్త్రీ. ఏదైనా విద్యలో ఆరితేరిన స్త్రీ, చదువు చెప్పే స్త్రీ, ప్రేమించి వెంటపడే స్త్రీ, ఇలా దిగుతూ దిగుతూ చిట్టచివరికి మీరు చెప్పిన అర్థం. ఆరు మెట్లలో సింహాసనం నుంచి పెరటి గుమ్మం దాకా వచ్చేశాం. మాస్టర్ అనే మగ మాటకు ఈ గతి పట్టలేదు, గమనించారా? ఆ ఆరింటిలో 'పెళ్ళయిన స్త్రీ' అని ఎక్కడా లేకపోవడం ఇంకో తమాషా.

మిస్ కూడా ఆ బురద తొక్కి వచ్చిందే. జాన్ ఎవెలిన్ అనే ఆయన 1662 జనవరిలో తన డైరీలో ఒక ప్రభువు ఉంచుకున్న నటి గురించి రాస్తూ, ఈ మధ్య చెడ్డ ఆడవాళ్ళను మిస్ అనడం మొదలుపెట్టారని పక్కన ఒక ముక్క చేర్చాడు.

ఇంగ్లీషువాళ్ళను అనేముందు మన 'సాని'ని తలుచుకోండి. సంస్కృతం 'స్వామిని' తెలుగులో సాని అయింది. యజమానురాలు అనే అర్థం. కాకతీయుల కాలం శాసనాల్లో అది గౌరవం మాటే. గుళ్ళకు దానాలిచ్చిన గుడిసానులు వాటిలో కనిపిస్తారు. దొరసానిలో ఆ పెద్దరికం అలాగే ఉంది. పురుడు పోసే ఆమెను మంత్రసాని అన్నప్పుడు పని తెలిసిన మనిషి అనే మన్నన ఉంది. కానీ ముందు మాట తీసేసి ఉత్తగా సాని అనండి, సానికొంప గుర్తొస్తుంది. హెడ్ ఉన్నంతసేపు మిస్ట్రెస్‌కి మర్యాద, దొర ఉన్నంతసేపు సానికి మర్యాద. మీ విజయనగరంలో ఈ మాట గురించి నేను ఇంకా చెప్పక్కర్లేదు.

ప్రశ్న: నాకు ఇద్దరు పిల్లలు, పెద్దాడు ఇంటర్. అయినా క్లాసులో 'మిస్, మిస్' అనే పిలుస్తారు. మా అత్తగారికి అది నచ్చదు. ఏం చెప్పాలి?
– ఒక టీచరు, సికింద్రాబాదు

జవాబు: ఈ అలవాటు ఇంగ్లండు బడుల నుంచి మిషనరీ బడుల మీదుగా మనకు వచ్చింది. అక్కడ ఇప్పటికీ పిల్లలు మగ టీచరును సర్ అనీ, ఆడ టీచరును మిస్ అనీ పిలుస్తారు, పెళ్ళయిందా లేదా అన్నదాంతో పని లేదు. దీని వెనక ఒక చేదు ఉంది. ఒకప్పుడు ఇంగ్లండులో చాలాచోట్ల ఆడ టీచరు పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం వదులుకోవాల్సిందే. లండన్ కౌంటీ కౌన్సిల్ 1935లో ఆ నిబంధన ఎత్తేసింది. ఇంగ్లండు, వేల్సు మొత్తానికి 1944 విద్యా చట్టంతో గానీ పోలేదు. పెళ్ళయితే ఇంటికి పంపేసే రోజుల్లో బడిలో మిగిలినవాళ్ళు ఎక్కువగా మిస్సులే కదా.

అత్తగారికి ఈ కథంతా అక్కర్లేదు. బడిలో మిస్ అంటే టీచరు అని అర్థం అని చెప్పండి చాలు. అదే నిజం కూడా.

ప్రశ్న: ఎం.ఎస్. అని రాసి మిజ్ అంటున్నారు. ఇది అమెరికా స్త్రీవాదులు పుట్టించిందా? మా ఆఫీసులో ఎం, గీత, ఎస్ అని వేస్తాం. రెండూ ఒకటేనా?
– ఒక గుమాస్తా, నెల్లూరు

జవాబు: మీ రెండో ప్రశ్న నా పాత గాయం. ముందు అదే.

ఒకటి కాదు బాబూ! గీత ఉన్నది 'మెసర్స్'. ఫ్రెంచిలో మెస్య్యూ అంటే మిస్టర్, మెస్య్యూలు చాలామంది ఉంటే మెసర్స్. అందుకే కంపెనీల పేర్ల ముందు వేస్తారు. 1980ల్లో నేను రిబ్బన్లు, కార్బన్ పేపర్ల కోసం ఒక కంపెనీకి ఉత్తరం రాశాను. కింద నా పేరు, ఇన్‌స్టిట్యూట్ ముద్ర. జవాబు ఎలా వచ్చింది? నా పేరు ముందు గీత పెట్టిన ఎం.ఎస్., కింద 'డియర్ సర్స్'. ఒక్క సంతకంతో పెళ్ళికాని ఒక ఆడమనిషి మగవాళ్ళ గుంపు అయిపోయింది. రిబ్బన్లు మాత్రం సరిగ్గానే పంపారు. ఆ ఉత్తరాన్ని అట్టకు అంటించి, కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా గోడకు తగిలించేదాన్ని. మా పిల్లలెవరూ ఆ తప్పు చేయలేదని ఘంటాపథంగా చెప్పగలను.

ఇక మిజ్. స్త్రీవాదులు దాన్ని నిలబెట్టారు గానీ పుట్టించలేదు. 1901 నవంబరు 10న అమెరికాలో మసాచుసెట్స్‌కి చెందిన స్ప్రింగ్‌ఫీల్డ్ రిపబ్లికన్ పత్రిక దీన్ని సూచించింది. పరిచయం లేని స్త్రీని మిస్ అనాలో మిసెస్ అనాలో తెలియక తప్పులో కాలేస్తున్నాం, రెండింటికీ సరిపోయేలా ఎం.ఎస్. అని రాసి మిజ్ అనుకుంటే పోలేదా అని. పల్లెటూళ్ళలో ఎలాగూ రెండింటినీ కలిపి మిజ్ అనే నమిలేస్తారు కదా అని కూడా అంది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత దాన్ని పట్టుకున్నవాళ్ళు ఎవరో తెలుసా? మా జాతివాళ్ళు! 1950ల్లో అమెరికాలో ఆఫీసు ఉత్తరాలు ఎలా టైపు చేయాలో చెప్పే మార్గదర్శకాల్లో ఆడవాళ్ళందరికీ ఎం.ఎస్. వాడండని రాశారు. అది హక్కుల కోసం కాదు, టైపిస్టు టైము కలిసొస్తుందని. రోజుకు అరవై కవర్ల మీద అడ్రసు కొట్టే అమ్మాయి ఒక్కో పేరు దగ్గర ఆగి 'ఈవిడకు పెళ్ళయిందా?' అని ఆలోచిస్తే పని తెమలదు. ఆ టెన్షన్ నాకు తెలుసు.

1961 ప్రాంతంలో న్యూయార్కులో షీలా మైకేల్స్ అనే అమ్మాయి, తన రూమ్‌మేట్‌కి పోస్టులో వచ్చిన పత్రిక మీద ఎం.ఎస్. అని చూసి అచ్చుతప్పు అనుకుంది. తప్పు కాదని తెలిశాక ఇంకా సంతోషించింది. ఫలానావారి కూతురు, ఫలానావారి భార్య అని చెప్పని మాట కోసమే ఆమె వెతుకుతోంది. 1969లో రేడియోలో దాని గురించి మాట్లాడింది. ఆ మాట చేతులు మారి స్త్రీవాద నాయకురాలు గ్లోరియా స్టైనమ్ బృందం దగ్గరకు చేరి, 1972లో ఏకంగా పత్రిక పేరయింది.

అయినా న్యూయార్క్ టైమ్స్ పత్రిక ససేమిరా అంది. 1984లో జెరాల్డీన్ ఫెరారో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసింది. ఫెరారో పుట్టింటి పేరు, భర్త ఇంటిపేరు జకారో. ఆమెకు పెళ్ళయింది గనక మిస్ ఫెరారో అనకూడదు. మిసెస్ ఫెరారో అంటే వాళ్ళ అమ్మ! పత్రికవాళ్ళు వద్దు వద్దంటూనే మిసెస్ ఫెరారో అనే వేశారు, అందరూ నవ్వారు. 1986 జూన్ 20న మిజ్‌కి తలుపు తీశారు.

ఖమ్మం అమ్మాయి కూడా ఆ గడిలో మిజ్ మీద టిక్కు పెట్టుకోవచ్చు. రేపు పెళ్ళయినా మార్చుకునే పని ఉండదు.

ప్రశ్న: 'మా మిసెస్ ఊళ్ళో లేరు' అంటే మా అబ్బాయి నవ్వుతున్నాడు. అది తప్పు ఇంగ్లీషా?
– ఒక బ్యాంకు ఉద్యోగి (రిటైర్డ్), హనుమకొండ

జవాబు: మీ అబ్బాయిని ఇంగ్లండులో ఏ టీ కొట్లోనైనా ఒక గంట కూర్చోమనండి. 'ద మిసస్' అనేమాట పదిసార్లు వినపడుతుంది. ఆఫీసు ఉత్తరంలో రాయకూడదు గానీ మాటల్లో వాళ్ళూ అంటారు. ఒక్క సంగతి. ఆ మాటను అలా మొదట వాడింది భర్తలు కాదు, ఇంట్లో పనిచేసేవాళ్ళు. 'అమ్మగారు' అనే అర్థంలో. తర్వాతెప్పుడో మొగుళ్ళ నోటికి వచ్చింది. మీరు ఏ వరసలో అంటున్నారో మీ ఇంట్లో ఆవిడ ఊరి నుంచి వచ్చాక ఆవిడనే అడగండి.